అర్హుల జాబితాలో మా ఇల్లు

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం మొదలైన మూడో వారంలో, హిందూపురం దగ్గర మా కాలేజీ నోటీసు బోర్డుకు రెండు జాబితాలు అంటించారు. ఒకటి ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హులైనవాళ్లది, రెండోది కానివాళ్లది. మొదటి జాబితాలో నా పేరు కనబడకపోతే కంటికి ఆనలేదేమో అనుకుని మూడుసార్లు వేలు పెట్టి వెతికాను. రెండోదాంట్లో వెతికే శ్రమ లేకపోయింది. పైనుంచి నాలుగో పేరే నాది. పక్కన కారణం కూడా రాశారు: కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి ఉన్నారు.

నాకు ముందు ఏడుపు రాలేదు, ఆశ్చర్యం వేసింది. మా ఇంట్లో నాకు తెలియకుండా ఉన్న ఆ ఉద్యోగి ఎవరు? పెనుకొండ దగ్గర పల్లె మాది. నాయన వేరుశనగ వేస్తాడు. వాన పడితే కాయలు, పడకపోతే ఎద్దులకు వేసే ఎండు కట్టె. అమ్మ ఆయనతో పాటే చేనికి పోతుంది. అవ్వ, అంటే నాయన తల్లి, ఇంటి పట్టున ఉంటుంది. బిడ్డను నేనొక్కదాన్నే. ఈ నలుగురిలో సర్కారు జీతం తినేది ఎవరో కనిపెట్టమంటే మా ఊళ్లో కుక్కలు కూడా నవ్వుతాయి.

జాబితా కింద ఇంకో రెండు వరుసలు చదివాక నా నవ్వు ఆగిపోయింది. అభ్యంతరాలు ఉన్నవాళ్లు నెలాఖరులోగా సరిచేయించుకోవాలి. లేదంటే ఫీజు సొంతంగా కట్టాలి, కట్టనివాళ్లకు హాల్‌టికెట్ రాదు. నా ఫీజు మొదటి ఏడాది ప్రభుత్వం కట్టింది కాబట్టే ఆ కాలేజీ గేటు లోపలికి అడుగు పెట్టాను. అది ఆగిపోతే నా చదువు ఆగిపోయినట్టే. ఆ మాట ఎవరూ నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

స్కాలర్‌షిప్ సెక్షన్ కిటికీ దగ్గరికి వెళ్లాను. అక్కడ కూర్చునే సారు మంచివాడే, కాకపోతే ఎవరు ఏమడిగినా ఒకటే జవాబు చెప్పేవాడు.

"మా చేతుల్లో ఏముండాది పాపా, పైనుంచి వచ్చింది."

నాకు చిన్నప్పటి నుంచి ఒక పాడు గుణం ఉంది. ఎవరైనా 'అంతే' అంటే ఊరుకోలేను. ఆ అంతే ఎక్కడ మొదలైందో చూడాలి. అందుకే ఇంట్లో నన్ను లాయరమ్మ అని ఎగతాళి చేసేవాళ్లు.

"ఆ పైన యాడుండాది సార్?" అన్నాను.

"అంటే?"

"పైనుంచి వచ్చిందంటాండారు గదా. ఎవరో ఒకరు ఒక కాయితం మీద రాసింటారు గదా సార్. ఆ కాయితం చూడల్ల."

సారు కళ్లజోడు తీసి నా వైపు చూశాడు. అన్నేళ్ల సర్వీసులో ఆ కాయితం అడిగినవాళ్లు లేరట. బల్ల సొరుగులో చాలాసేపు వెతికి, ఒక జీవో నంబరు చిన్న చీటీ మీద రాసిచ్చాడు. "సదువుకో. అర్థమైతే నాకూ చెప్పు," అన్నాడు. అది వెటకారం అనుకున్నాను గానీ ఆయన నిజంగానే అడిగాడని తర్వాత తెలిసింది.

బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌లో ఆ జీవో ప్రింటు తీయించుకుని, సాయంత్రం పెనుకొండ పోయే ప్యాసింజర్లో కిటికీ పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు. ఒక వాక్యం మొదలైతే పేజీ సగం దాటాక గానీ చుక్క రాదు. పైన ఒకటో కాయితం, రెండో కాయితం చదివిన మీదట అని మొదలవుతుంది. అంటే దీనికంటే ముందు ఇంకో రెండు జీవోలు ఉన్నాయన్నమాట. మర్నాడు వాటినీ తీయించాను. వాటిలో మళ్లీ పాత జీవోల నంబర్లు. మా అవ్వ ఏదైనా కథ చెబితే ముందు ఆ మనిషి తాత పెండ్లి దగ్గర ఎత్తుకునేది. ప్రభుత్వానికీ అదే అలవాటున్నట్టుంది.

నాలుగు రోజులు రైల్లో పోతూ వస్తూ అవే చదివాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు అది నచ్చింది. నా చదువు గొంతు మీద కత్తి పెట్టిన కాయితమని తెలిసి కూడా నచ్చింది. ఎంత భూమి ఉంటే పేదవాళ్లో అందులో ఉంది. మాగాణికి ఒక లెక్క, మెట్టకు ఇంకో లెక్క. కారు ఉంటే అనర్హులు, ట్రాక్టరు, ఆటో, టాక్సీ ఉంటే ఫర్వాలేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే ఇవ్వరు, ఆ ఉద్యోగి పారిశుద్ధ్య కార్మికుడైతే ఇస్తారు. నూటికి డెబ్బై ఐదు రోజులు క్లాసుకు రావాలి. డబ్బు తల్లి ఖాతాలో వేయాలి. తండ్రి ఖాతాలో ఎందుకు వేయరో రాయలేదు గానీ, మా వీధిలో నలుగురు మగవాళ్లను చూసినవాళ్లకు ఆ కారణం రాయక్కర్లేదు.

ఆ మినహాయింపుల దగ్గర నేను ఆగిపోయేదాన్ని. ట్రాక్టరు ఉంటే ఫర్వాలేదు అని ఊరికే రాయరు కదా. ఎక్కడో ఒక ఊళ్లో ఒక రైతు, అప్పు మీద తెచ్చుకున్న ట్రాక్టరు వల్ల బిడ్డకు ఫీజు రాకుండా పోయిందని ఆఫీసు మెట్ల మీద గొడవ పడి ఉంటాడు. రోడ్లూడ్చే అమ్మ ఎవరో, నాది కూడా ఒక సర్కారు ఉద్యోగమేనా అని అడిగి ఉంటుంది. ఇవి నా ఊహలే. అయినా ఆ కాయితాల్లో ఇంగ్లీషు వెనక మనుషుల కేకలు వినబడుతున్నట్టు ఉండేది నాకు.

అన్నీ చదివాక తేలింది ఒక్కటే. ఈ షరతులన్నీ కుటుంబానికి పెట్టినవి. కుటుంబం అంటే ఎవరెవరు అన్నది మాత్రం, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, జీవోలో తేలదు. ఇంటింటి సర్వేలో ఎవరెవరిని ఒక ఇల్లుగా రాసుకున్నారో వాళ్లే కుటుంబం. ఆ సర్వే మా ఊరి సచివాలయంలో ఉంటుంది. పైన ఎక్కడో ఉందనుకున్నది వెతుక్కుంటూ వెతుక్కుంటూ మా ఇంటికి నాలుగు వీధుల అవతలికి వచ్చి పడ్డాను.

సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌గా గోరంట్ల నుంచి వచ్చిన అక్క ఒకామె ఉండేది. నా ఆధార్ నంబరు కొట్టి, తెర నా వైపు తిప్పింది.

"మీ ఇంట్లో ఆరు మంది ఉండారు. మీ నాయన, అమ్మ, నువ్వు, మీ అవ్వ, మీ చిన్నాయన, చిన్నమ్మ. మీ చిన్నాయనది గవర్నమెంటు ఉద్యోగం. ఈడే నిలబడిపోయింది నీది. పోయినేడు ఫీజుకు ఈ సర్వే చూడలేదు, ఈ ఏడే కలిపినారు."

చిన్నాయన ధర్మవరంలో సర్కారు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. కానీ ఆయన మా ఇల్లు విడిచి పోయి తొమ్మిదేళ్లయింది. ఆయన సంసారం ఆయనది, మాది మాది.

"వాళ్లు ఏరు పోయినారక్కా," అన్నాను.

"అట్లని ఈడ లేదు పాపా. సర్వేకి వచ్చినపుడు మీ అవ్వే చెప్పిందంట, అందరమూ ఒగే ఇల్లని. ఇంగొకటి తెలుసునా నీకు? మీ అవ్వకు పింఛను రాకపోవడానికీ ఇదే కారణం. రెండేండ్ల కిందటే చెప్పినాను ఆమెకు."

పింఛను సంగతి మాకెవరికీ తెలియదు. ఎప్పుడైనా అడిగితే, నాకు వద్దులే, ఉన్న కాడికి చాలు అనేది అవ్వ. ఆమెకు అంత వైరాగ్యం ఎక్కడిదా అనుకునేవాళ్లం.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. నాయనా చిన్నాయనా వేరు పడింది కొట్లాడి కాదు. ఊళ్లో పెద్దమనుషులు నలుగురిని కూర్చోబెట్టుకుని, చేనికి నడుమ గట్టు వేసుకుని, నోటి మాటతో భాగాలు పంచుకున్నారు. మా వైపు చాలా ఇళ్లలో అంతే. కాయితం రాసుకుంటే అన్నదమ్ముల మధ్య నమ్మకం లేనట్టు. పాస్‌బుక్కు ఇప్పటికీ చనిపోయిన తాత పేరు మీదే ఉంది. అంతా అయ్యాక చిన్నమ్మ వంటకు వేరే పొయ్యి పెట్టుకుంటానంటే, అవ్వ ఒక్కటే మాట చెప్పింది. ఈ ఇంట్లో రెండో పొయ్యి వెలగనివ్వనని. చిన్నాయన ఎదురు చెప్పలేదు. నెలలోపు ధర్మవరంలో ఇల్లు బాడుగకు తీసుకుని వెళ్లిపోయాడు. పొయ్యి ఒకటే మిగిలింది కాబట్టి ఇల్లు ఒకటే అని అవ్వ లెక్క.

సర్వేకి ఊరి వాలంటీరు కుర్రాడు వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. మీ ఇంట్లో ఎంతమంది అని అడిగితే, అవ్వ పడసాలలో కూర్చుని ఆరుగురి పేర్లూ వరసగా చెప్పింది. ఊళ్లోవాళ్ల పిల్లోడు ఎదురుగా నిలబడి అడుగుతుంటే, నా కొడుకులు వేరు పడ్డారు అని ఏ తల్లి నోటితో అంటుంది? పరువు పోదూ? నేను తొట్టి దగ్గర కాళ్లు కడుక్కుంటూ అంతా విన్నాను. తప్పు అని తెలుసు. తప్పయితే ఏమైందిలే అనుకుని లోపలికి పోయాను. లాయరమ్మ అనిపించుకునేదాన్ని, నా కళ్ల ముందే ఇచ్చిన తప్పు వాంగ్మూలాన్ని వదిలేశాను.

సచివాలయం నుంచి ఇంటికి వచ్చి నాయనకు చెప్పాను. నాయన ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు. అంతా విని, "మీయవ్వను నేనేమీ అడగను," అన్నాడు.

"అడక్కపోతే నా సీటు పోతాది నాయనా."

"పోతే వచ్చే ఏడు ధర్మవరంలో డిగ్రీలో చేరుదువు. అమ్మను నిలబెట్టి, మేము ఏరే అని చెప్పమని నేనెట్ల అంటాను?"

ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అమ్మ వైపు చూస్తే అమ్మ గోడ వైపు చూసింది. అత్తా కొడుకుల మధ్యకు పోయి బాగుపడిన కోడలు లేదని ఆమెకు తెలుసు.

నేనే అవ్వ దగ్గరికి వెళ్లాను. విత్తనం కాయలు వొలుస్తూ కూర్చుంది. ముందు వెనుకా చూడకుండా అడిగేశాను.

"పింఛను కూడా దీని వల్లనే రాలేదంట గదవ్వా. నీకు తెలిసీ ఎందుకు చెప్పల్యా?"

"పింఛను దుడ్ల కోసరం కొడుకు లేడని చెప్పమంటావా?" అంది అవ్వ. చేట మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"లేడని కాదవ్వా. ఏరే ఉండాడని."

"రెండూ ఒగటే."

ఆమె పుట్టిల్లు మడకశిర వైపు. డబ్బును కన్నడంలో లాగా దుడ్లు అని ఆమె అన్నప్పుడల్లా మేం నవ్వేవాళ్లం. ఆ రోజు నవ్వు రాలేదు. ఏం చేయాలో తెలియక ఆమె పక్కనే కూర్చుని నేనూ కాయలు వొలిచాను. కాసేపటికి అవ్వే అడిగింది.

"ఆ కాయితాల్లో ఏముండాదే? రైల్లో కూడా సదువుతాండావంట."

సంచిలోంచి జీవోలు తీసి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఆ సాయంత్రమే కాదు, ఆ తర్వాత మూడు నాలుగు సాయంత్రాలు అదే పని. నేను ఒట్టి షరతులు చెబుతుంటే ఆమె మనుషులను పెట్టి చూసేది. కారు ఉంటే ఇవ్వరు అన్నాను.

"కారుండి, డీజిలు పోసే శక్తి లేనోనికి?"

"ఇయ్యరవ్వా."

"ట్రాక్టరుంటే?"

"ఇస్తారు."

"పర్వాలేదే. రాసినోనికి చేను తెలుసు," అంది. మాగాణికీ మెట్టకూ తేడా ఉందంటే చాలా సంతోషపడింది. తల్లి ఖాతాలో డబ్బు అనేసరికి బోసినోటితో గట్టిగా నవ్వి, ఆ ముక్క ఇంకోసారి చదవమంది. నాకు దొరికిన మంచి శ్రోత ఆమే. మా కాలేజీలో ఎవరికీ నాలుగు నిమిషాలు వినే ఓపిక లేకపోయింది. మా అవ్వకు అక్షరం రాదు, కానీ ఏ నిబంధన ఎక్కడ చిల్లు పడుతుందో వినగానే పట్టుకునేది. నా ఈ పాడు గుణం ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

ఒక సాయంత్రం ఉన్నట్టుండి అడిగింది. "మరి అవ్వలు ఎవురి లెక్కలోకి వస్తారంట?"

"ఏ ఇంట్లో రాసుకుంటే ఆ ఇంట్లోకవ్వా."

"ఒగ ఇంట్లోనే రాస్తారా?"

"మనిషికి ఒగ ఇల్లే గదా."

ఆమె చేటలోని పప్పును డబ్బాలో పోసి లేచిపోయింది. నేను ఆ ప్రశ్నను కూడా మిగతా ప్రశ్నల్లాంటిదే అనుకున్నాను.

ఆదివారం ధర్మవరం పోయాను. చిన్నాయన వేరుగా ఉంటున్నానని ఒక కాయితం రాసిస్తే చాలేమో, అవ్వ జోలికి పోనక్కర్లేదేమో అని నా ఆశ. వాళ్ల ఇల్లు మగ్గాలుండే వీధిలో. పక్కిళ్లలోంచి చప్పుడు వస్తూనే ఉంటుంది, మాట కొంచెం పెంచి మాట్లాడాలి. చిన్నమ్మ సంగటి, అందులోకి వేరుశనగ పచ్చడి ఊరిబిండి పెట్టింది. తినేదాకా ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు. తిన్నాక చెప్పాను.

చిన్నాయన నేను తెచ్చిన కాయితాలు తీసుకుని రెండుసార్లు తిరగేశాడు. రక్తం పరీక్షలు చేసి చేసి ఆయనకు ఏదైనా రెండుసార్లు చూస్తే గానీ చెప్పని అలవాటు.

"రాసిచ్చేకి నాకేం కష్టం లేదు పాపా," అన్నాడు చివరికి. "నీ సదువు పోతే నాకు మాత్రం బాగుంటాదా? కానీ నేను ముందు రాస్తే, నేనే తెంచుకొని పోయినట్ల ఉంటాది. ఇల్లు విడిచి పోయేటప్పుడు కూడా నేను అంతే అనుకున్యా, పోయిరా అని ఒగ మాట అమ్మ అంటే సాలని. ఇప్పుడు ఆమె ఏరే అని అంటే ఆ నిమిషమే సంతకం పెడతా."

"ఫీజు కట్టమంటే కట్టేవాళ్లమే గదా," అని చిన్నమ్మ లోపలి నుంచి అంది. ఆమె మాటలో కల్మషం లేదు. నేను వద్దన్నాను. నా హక్కుగా వచ్చేదాన్ని వాళ్ల దయగా తీసుకోవడం నాకిష్టం లేకపోయింది. ఆ వయసులో నాకు అంత పొగరు ఉండేది, ఇప్పుడూ కొంత ఉంది.

తిరుగు రైల్లో లెక్క చూసుకున్నాను. నాయన అవ్వను అడగడు. చిన్నాయన అవ్వ అనేదాకా రాయడు. అవ్వ అనదు. ముగ్గురూ మంచివాళ్లే. ముగ్గురు మంచివాళ్ల మధ్య ఇరుక్కోవడం చెడ్డవాళ్ల చేతిలో పడ్డదానికంటే అన్యాయం. గడువు ఇంకా పది రోజులు ఉంది.

సోమవారం పెనుకొండ తహసీల్దారు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. క్లాసు ఎగ్గొట్టి అక్కడికి పోయాను. ఎవరికీ చెప్పకుండా నేనే అర్జీ రాశాను. ఏ జీవోలో ఏ పేరాలో ఏముందో వరుసగా పెట్టి, మా చిన్నాయన కుటుంబం తొమ్మిదేళ్లుగా వేరుగా ఉంటున్నదనీ, విచారణ జరిపి ఇంటిని విడదీయాలనీ కోరాను. అర్జీ తీసుకున్న ఆయన రెండు పేజీలూ చదివి, "ఎవరు రాసిచ్చినారమ్మా?" అని అడిగాడు. నేనే రాశానంటే నమ్మినట్టు లేదు. "వీఆర్వో ఇంటికి వస్తాడు. ఇంటి పెద్ద, అంటే మీ అవ్వ మాట రాసుకుంటాడు. ఆమె ఏం చెప్తే అదే," అన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పేసరికి నాయన నాతో మాట్లాడటం మానేశాడు. ఆ మూడు రోజులూ నాలో నేనే వాదించుకున్నాను. నా చదువు కోసం ముసలామెను పంచాయితీకి ఈడుస్తున్నానా అని ఒకసారి, నాదేం తప్పు, ఉన్న మాటే కదా అని ఇంకోసారి. అవ్వ మాత్రం మామూలుగానే ఉంది. సర్కారు మనిషి వస్తాడంటే పడసాల అలికించింది.

గురువారం పొద్దున వీఆర్వో వచ్చాడు. పెనుకొండ మనిషే, నిదానస్తుడు. చిన్నాయన కూడా ఆసుపత్రికి సెలవు పెట్టి వచ్చాడు. నాయన ఒక స్తంభానికి ఆనుకుని, చిన్నాయన ఇంకో స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు. అమ్మ గడపలో ఉంది. నేను నా జీవోల సంచితో అవ్వ వెనకాల కూర్చున్నాను.

"అవ్వా, మీ సిన్న కొడుకు ఏరే ఉండాడని అర్జీ వచ్చింది. నిజమేనా?" అన్నాడు వీఆర్వో.

అవ్వ ఇద్దరు కొడుకుల వైపూ చూడలేదు. "నిజమే నాయనా," అంది. "ఏరే ఉండాడు. తొమ్మిదేండ్లాయ. అప్పుడు సర్వేకొచ్చిన పిల్లోనికి నేనే తప్పు చెప్పినా."

అంత తేలిగ్గా అయిపోతుందని నేననుకోలేదు. చిన్నాయన తల దించుకున్నాడు. నాయన ఎద్దుల కొట్టం వైపు చూస్తున్నాడు. వీఆర్వో ఆమె మాటను కాయితం మీద రాసుకుని, చేతిలో ట్యాబ్ తీశాడు.

"సరే. ఇప్పుడు రెండు ఇండ్లు చేస్తాండా. పెద్దాయన, భార్య, కూతురు ఒగ ఇల్లు. సిన్నాయన, భార్య ఇంగొక ఇల్లు. నిన్ను ఎవురింట్లో పెట్టమంటావవ్వా?"

"రెండిండ్లలోనూ పెట్టు."

"రాదవ్వా. మిషను తీసుకోదు."

"ఎందుకు తీసుకోదు? ఇద్దరినీ నేనే గదా కనింది."

వీఆర్వో నవ్వబోయి ఆగాడు. "పెద్దాయన దగ్గరే గదా ఉండేది. ఆడనే పెట్టనా?"

"వద్దు," అంది అవ్వ. "ఈని కింద రాస్తే వాడు నాకు లేనట్ల. వాని కింద రాస్తే వీడు లేనట్ల. నోటితో ఏమన్నా అంటాను గానీ కాయితంలో అట్ల రాయించను." చీర కొంగు సర్దుకుని, "నన్ను ఒక్కదాన్నే ఏరే ఇల్లుగా రాయి," అంది.

వీఆర్వో ట్యాబ్‌ను అటూ ఇటూ నొక్కి చూశాడు. "ఒక్క మనిషిని ఇల్లుగా రాయనిస్తారో లేదో," అని తనలో తాను అనుకున్నాడు.

"రాయచ్చు సార్," అన్నాను నేను. "భర్త చనిపోయిన పెద్దవాళ్లకు ఒంటరి ఇల్లుగా రాయచ్చు. మినహాయింపు ఉండాది." సంచిలోంచి కాయితం తీసి, పేజీ తిప్పి, గీత గీసుకున్న పేరా చూపించాను. వారం కిందట రైల్లో చదివి, ఇదెవరి కోసం రాశారో అని అనుకున్న పేరా అది. జవాబు తెలిసిన ప్రశ్న వస్తే క్లాసులో చెయ్యెత్తినట్టు, ఆలోచించకుండా చెప్పేశాను.

వీఆర్వో చదివి తల ఊపాడు. ట్యాబ్ మీద మూడో ఇల్లు తెరిచి, అందులో మా అవ్వ పేరు ఒక్కటే కొట్టాడు. కింద కుటుంబ సభ్యుల సంఖ్య ఒకటి అని వచ్చింది. నేను వెనకాలే కూర్చున్నాను కాబట్టి తెర నాకు బాగా కనిపించింది.

అవ్వ వెనక్కి తిరిగి నా తల మీద చెయ్యి పెట్టింది. "బాగా సదివినావు పాపా," అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది.

గడువుకు రెండు రోజుల ముందు కొత్త జాబితా అంటించారు. అర్హుల్లో నా పేరు ఉంది. సెక్షన్ సారు కిటికీలోంచి చూసి, కాయితం నీకు అర్థమైనట్టుందే అన్నాడు. నాయన మళ్లీ మాట్లాడాడు, చిన్నమ్మ ఫోన్ చేసింది, అమ్మ ఆ రోజు పాయసం చేసింది. పాయసం ఎందుకో అవ్వకు తెలిసే ఉంటుంది, అయినా నా పేరు వచ్చిందని ఆమెకు నా నోటితో నెల రోజుల దాకా చెప్పలేకపోయాను.